నెలకు ఎంతొస్తే మనకు చాలు?

అందరికీ నమస్కారం. తొలకరి పడగానే మన కర్నూలు జిల్లాలో తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చేలల్లో జనం వంగి వంగి నడుస్తుంటారు. వజ్రాల కోసం. ఉన్న పని మానుకుని పక్క జిల్లాల నుంచి కూడా వస్తారు. దొరికినవాళ్లు లేకపోలేదు. దొరికితే టీవీలో చూపిస్తారు. కూలి పోగొట్టుకుని ఉత్త చేతులతో బస్సెక్కినవాళ్లను ఎవరూ చూపించరు.

ఇప్పుడు ఆ వేట ఫోన్లోకి వచ్చింది. ఆప్షన్స్ ట్రేడింగ్, అంటే షేర్ల ధర పెరుగుతుందా తగ్గుతుందా అని డబ్బు పెట్టి పందెం కాసినట్టే. షేర్ మార్కెట్ మీద అజమాయిషీ చేసే సెబీ 2024లో లెక్క తీసింది: అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్‌లో) దిగిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు, సగటున తలా 2 లక్షల దాకా. ఇల్లు బాగానే గడుస్తున్నవాళ్లు కూడా ఇందులో దిగుతున్నారు. చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఒక మాట. కోసిగి, ఆదోని వైపు ఇంటికి తాళం వేసి, పిల్లల బడి మాన్పించి, గుంటూరు మిరప కోతలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయే కుటుంబాలున్నాయి. ఉన్నదాంతో సర్దుకోండని వాళ్లకు చెప్పే హక్కు ఎవరికీ లేదు. వాళ్ల రాబడి పెరగాల్సిందే. అద్దె, బియ్యం, ఫీజులు పోను నాలుగు రాళ్లు మిగిలేవాళ్లతోనే నా మాట.

మా వీధిలో ఒకాయన ఉగ్గాని, బజ్జీ అమ్ముతాడు. బొరుగులు నానబెట్టి, గట్టిగా పిండి, పోపులో కలిపి, పైన పుట్నాలపొడి చల్లి ఇస్తాడు. పదింటికల్లా గిన్నె ఖాళీ, కొట్టు బంద్. "సాయంత్రం కూడా పెట్టొచ్చు కదన్నా" అంటే, "పెడితే ఇంకో మనిషి కావాలప్పా, అప్పు చేయాల. ఫీజు కడుతుండా, చీటీ కడుతుండా. సాయంత్రం పాపకు లెక్కలు చెప్పుకుంటా" అన్నాడు. అన్నీ కూడి, తీసేసి చూసుకున్నాకే ఆయన ఆ మాటన్నాడు. అదే నాకు నచ్చింది.

మనలో చాలామందిమి ఆ లెక్క వేయం. జీతం పెరిగిన నెలే కొత్త ఈఎంఐ తెచ్చుకుంటాం, మళ్లీ చాలలేదంటాం. అందుకే ఈ ఆదివారం ఇంట్లో అందరూ కూర్చుని ఒక కాగితం మీద రాయండి: నెల ఖర్చు, చీటీ, ఆరోగ్య బీమా, ఆపదకు పక్కన పెట్టేది. ఒక్కరే వేస్తే లెక్క తప్పుతుంది. మీకు చాలనిపించింది మీ ఇంటావిడకు చాలకపోవచ్చు, ఆమెకు అక్కర్లేనిది మీరు రాసుండొచ్చు. పెద్దవాళ్ల మందులు మాత్రం మర్చిపోకండి.