మొదటి మారథాన్, గుడికి ఒక లిఫ్టు

పెద్దలకు, మిత్రులకు, వెనక వరసలో నిలబడ్డ యువతీయువకులకు నమస్కారం.

మొదటిసారి మారథాన్ పరిగెత్తి గుడికి విరాళాలు తేవాలనుకునేవాళ్లకు రెండు మాటలు చెప్పమని కమిటీవాళ్లు అడిగారు. ఇందులో పరుగు ఒక భాగం, విరాళం అడగడం ఇంకో భాగం. చాలామంది మొదటిదాన్ని తలుచుకుని భయపడతారు. నాకు కష్టమనిపించింది రెండోది. అందుకే ముందు దాని గురించే మాట్లాడతాను.

2021 జనాభా లెక్కల ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో హిందువులు 10 లక్షలు దాటారు. 2011లో 8 లక్షల పైచిలుకు ఉండేవాళ్లం. మనుషులు పెరిగినంత తొందరగా గుళ్లు పెరగవు. ఈ దేశంలో మన గుళ్లు చాలావరకు పాత చర్చీలు, స్కూళ్లు, గోదాముల్లాంటివి కొని మార్చుకున్నవే. మనదీ అలాంటిదే. గర్భగుడి పై అంతస్తులో ఉంది. మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్లు సహకరించని పెద్దవాళ్లు కింద కుర్చీలో కూర్చుని, స్పీకర్లో హారతి విని, ప్రసాదం తీసుకుని వెళ్లిపోతున్నారు. ఈ కట్టడం కొన్నది ఎవరు? డెబ్భైల్లో ఫ్యాక్టరీ షిఫ్టులు చేసి, వారం వారం జీతంలోంచి తీసి పక్కన పెట్టిన వాళ్లే. వాళ్లే ఇవాళ పైకి ఎక్కలేకపోతున్నారు. నేను పరిగెత్తింది లిఫ్టు కోసం.

"గుడికి విరాళం ఇవ్వండి" అంటే జనం తలూపి ఊరుకుంటారు. "కింద కూర్చున్న మన పెద్దవాళ్లు పైకి వెళ్లాలి, దానికి లిఫ్టు కావాలి" అంటే వెంటనే ఎవరో ఒకరి ముఖం గుర్తుకొస్తుంది. దేనికోసం పరిగెత్తుతున్నారో ఒక్క వాక్యంలో చెప్పగలిగితేనే అడగడం మొదలుపెట్టండి. వాట్సాప్ గ్రూపులో లింకు పడేసి సరిపెట్టకండి. గ్రూపుకు పంపింది అందరిదీ అవుతుంది, కాబట్టి ఎవరిదీ కాదు. ఒక్కొక్కరికీ పేరుపెట్టి రాయండి, వీలైతే ఫోన్ చేయండి. ఇవ్వలేని వాళ్లుంటారు. వాళ్లను రెండోసారి అడగొద్దు. ఎవరు ఎంత ఇచ్చారో మైకులో చదవొద్దు. ఈ రెండు విషయాల్లో నేను మెత్తబడను. గుడి దగ్గర ఎవరూ తలదించుకోకూడదు.

ఒక పెద్దావిడ నా చేతిలో చిన్న కవరు పెట్టారు. "స్వామిని దగ్గరగా చూసి చాలా కాలమైంది నాయనా, నువ్వు పరిగెత్తు" అన్నారు. ఆ మాట విన్నాక నాకు ట్రైనింగ్ మానేసే హక్కు లేదనిపించింది. ఆవిడకు ఆదాయపు పన్ను పడదు కనుక ఆ డబ్బు మీద గిఫ్ట్ ఎయిడ్, అంటే విరాళం మీద ప్రభుత్వం కలిపి ఇచ్చే మొత్తం, అడగలేదు. ఇది అందరికీ తెలిసి ఉండాల్సిన విషయం. ఇక్కడ పన్ను కట్టేవాళ్లు రిజిస్టరైన ఛారిటీకి ఒక పౌండు ఇచ్చి, గిఫ్ట్ ఎయిడ్‌కు ఒప్పుకుంటే, ప్రభుత్వం నుంచి ఛారిటీకి మరో 25 పెన్స్ వస్తుంది. ఇచ్చినవాళ్లకు అదనపు ఖర్చేమీ లేదు. కానీ వాళ్లు ఆ ఏడాది కనీసం అంత పన్ను కట్టి ఉండాలి. పదిమంది ఇచ్చిన నగదు పోగుచేసి ఒకరి పేరు మీద వేసి గిఫ్ట్ ఎయిడ్ అడగడం కుదరదు. ఎవరిది వాళ్ల పేరుతో, వాళ్ల చిరునామాతో ఉండాలి. డిన్నర్ టికెట్టుకూ, రాఫిల్ టికెట్టుకూ ఇది వర్తించదు. లెక్క చొక్కంగా ఉంటేనే వచ్చే ఏడాది మళ్లీ అడిగే ముఖం ఉంటుంది.

ఇలాంటి పని మనకు కొత్తేం కాదు. లండన్‌లో 1995లో ప్రారంభమైన నీస్డెన్ స్వామినారాయణ మందిరం కోసం పిల్లలు ఖాళీ అల్యూమినియం డబ్బాలు ఏరి, రీసైక్లింగ్‌కు అమ్మి డబ్బు సమకూర్చారు. డబ్బాలు ఏరిన పిల్లలకు ఆ గుడి జీవితాంతం తమదే. మారథాన్ విషయంలో కూడా నేను నమ్మేది ఇదే. ఒక ధనవంతుడు ఒక్క చెక్కుతో లిఫ్టు పెట్టించవచ్చు. వందమంది తలా కొంచెం వేస్తే లిఫ్టుతో పాటు వందమంది గుడికి దగ్గరవుతారు.

లండన్ మారథాన్‌లో చోటు దొరకడం తేలిక కాదు. 2026 పరుగు బ్యాలెట్‌కు, అంటే చోట్ల కోసం తీసే లాటరీకి, 11 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. బ్యాలెట్‌లో చోటు వస్తే మీకు నచ్చిన ఛారిటీకి విరాళాలు పోగు చేయవచ్చు. ఛారిటీ తరఫున ఇచ్చే చోటైతే, ఇంత మొత్తం తెస్తామని ముందే మాట ఇవ్వాలి. చిన్న గుడికి అలాంటి చోట్లు ఉండకపోవచ్చు. ఏం ఫర్వాలేదు, దేశంలో ఇంకా ఎన్నో మారథాన్లున్నాయి. దూరం ఎక్కడైనా అదే, 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటి ముందు ముగించడం వల్ల వచ్చిన కొలత అది. 1921లో అదే ఖాయమైంది.

ఇక ట్రైనింగ్. ఇప్పటికే కొంచెం పరిగెత్తే అలవాటున్నవాళ్లకు నాలుగైదు నెలలు కావాలి. బొత్తిగా అలవాటు లేకపోతే ఇంకా ముందు నుంచే మొదలుపెట్టాలి. వారానికి మూడు నాలుగు పరుగులు, వాటిలో ఒకటి పొడవుది. ఆ పొడవు పరుగును మెల్లగా పెంచుకుంటూ 30 కిలోమీటర్ల దాకా తెచ్చుకుని, చివరి రెండు మూడు వారాలు తగ్గించేయాలి. పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరిగెత్తండి. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవాళ్లు మొదటి వంద మెట్లూ పరిగెత్తితే గాలిగోపురం చేరకముందే కూలబడతారు. ఇదీ అంతే.

మన దక్షిణాసియా వాళ్లకు టైప్ 2 డయాబెటిస్, గుండె జబ్బులు ఎక్కువగా, చిన్న వయసులోనే వస్తాయి. కాబట్టి మొదలుపెట్టే ముందు ఒకసారి జీపీని, అంటే మీ ఫ్యామిలీ డాక్టర్ని, కలవండి, ముఖ్యంగా నలభై దాటినవాళ్లు. ఏకాదశి ఉపవాసం ఉండేవాళ్లు పొడవు పరుగును ఆ రోజు పెట్టుకోవద్దు, మర్నాడూ వద్దు. శాకాహారులు ఐరన్, బి12 ఎంత ఉన్నాయో చూపించుకోవాలి. పరుగులో తినే కొన్ని జెల్లీ ముక్కల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, ప్యాకెట్ మీద చదివి కొనండి. అసలు రోజున ఏం తినబోతున్నారో దాన్నే ట్రైనింగ్‌లో తిని చూడండి. కొత్త బూట్లు, కొత్త జెల్, కొత్త చొక్కా, ఏదీ ఆ రోజు మొదలుపెట్టకూడదు. దాహానికి మించి నీళ్లు తాగినా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది.

లండన్ పరుగు గ్రీనిచ్ వైపు మొదలవుతుంది. సుమారు 10 కిలోమీటర్ల దగ్గర కట్టీ సార్క్ ఓడ, దాదాపు సగం దూరంలో టవర్ బ్రిడ్జి. అక్కడి జనం కేకలకు ఒళ్లు పులకరించి కాళ్లు వాటంతటవే వేగం పెంచుతాయి. పెంచనివ్వకండి. ఎందుకంటే కానరీ వార్ఫ్ మేడల మధ్యకు వచ్చేసరికి 30 కిలోమీటర్లవుతుంది, కండరాల్లో దాచుకున్న చక్కెర నిల్వలు అడుగంటేది సరిగ్గా అప్పుడే. కాళ్లు బరువెక్కుతాయి, ఏడుపొస్తుంది. నాకూ వచ్చింది. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండి పదార్థం మొదటి నుంచీ తీసుకుంటూ వస్తే దెబ్బ కొంచెం తగ్గుతుంది. ఆ తర్వాత మిగిలిన దూరానికి బలం వేరే చోటు నుంచి రావాలి. నేను ఒక్కో కిలోమీటరూ విరాళమిచ్చిన ఒక్కో కుటుంబం పేరు తలుచుకుంటూ దాటాను. ఆ జాబితా చేతి మీద రాసుకుని వెళ్లండి, చాలా పనికొస్తుంది.

వయసు దాటిపోయిందని అనుకునేవాళ్లకు ఫౌజా సింగ్ గారి సంగతి చెప్పాలి. 2000లో లండన్‌లో మొదటి మారథాన్ పరిగెత్తినప్పుడు ఆయనకు 89 ఏళ్లని చెప్పేవారు. ఆ పరుగు నెలలు నిండక పుట్టిన పిల్లల కోసం పనిచేసే ఛారిటీకి. ఆయన సిక్కు, సాయం అందుకున్న పిల్లలు ఎవరి బిడ్డలైనా కావచ్చు. మనం మన గుడి కోసం అడిగేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోవాలని నా కోరిక. పక్కింటి ఇంగ్లిష్ దంపతులు నా ఆన్‌లైన్ విరాళాల పేజీలో విరాళం వేశారు. వాళ్లు ఆసుపత్రి కోసం పరిగెత్తినప్పుడు నేనూ వేశాను.

ఆ రోజు పరిగెత్తేవాళ్లు తక్కువమందే ఉంటారు. మిగతావాళ్లకూ పనుంది. చలికాలం తెల్లవారుజామున ఆడపిల్లలు ఒంటరిగా పరిగెత్తకుండా వాళ్లకు తోడు కావాలి. గిఫ్ట్ ఎయిడ్ ఫారాలు సరిచూసేవాళ్లు కావాలి. లిఫ్టు కంపెనీల అంచనాలు చదివి ప్రశ్నలడిగే ఇంజినీర్లు కావాలి. ద్వారం పక్క బల్ల మీద రెండు పుస్తకాలున్నాయి, ఒకటి పరిగెత్తేవాళ్లకు, ఒకటి తోడుండేవాళ్లకు. రెండో దాంట్లో ఎక్కువ పేర్లు కావాలి. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి పార్కు గేటు దగ్గర మొదటి పరుగు, ఐదు కిలోమీటర్లు. మధ్యలో నడిచినా సరే, రండి.