అటక మీంచి దిగిన రేడియో

శ్రోతలకు నమస్కారం.

పాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీంచి ఒక రేడియో దిగుతుంది. తాతగారు పోస్టాఫీసులో లైసెన్సు కట్టి విన్న మర్ఫీయో, ఫిలిప్సో, బుష్షో. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైన నాటినుంచి ట్రాన్సిస్టర్లు చేతికొచ్చేదాకా మన ఊళ్ళలో మోగినవి, లోపల బల్బుల్లాంటి గాజు వాల్వులతో పనిచేసే ఈ వాల్వు సెట్లే. దాన్ని చూడగానే ఒకరు తడిగుడ్డ అందుకుంటారు, ఇంకొకరు ప్లగ్గు పెట్టబోతారు. దయచేసి ఇద్దరినీ ఆపండి.

ముందు ప్రాణం సంగతి. వాల్వు సెట్టులో 250 నుంచి 300 వోల్టుల దాకా డీసీ నడుస్తుంది. ఏళ్ళ తరబడి మూలనపడ్డ సెట్టులో ఆ ఛార్జి మిగలదు. కానీ ఇంట్లో ఎవరైనా ‘పలుకుతుందేమో చూద్దాం’ అని నిన్నో ఇవాళో ప్లగ్గు పెట్టి తీసి ఉంటే, ఛార్జిని నిల్వచేసే ఫిల్టరు కండెన్సర్లు ఆ వోల్టేజీని పట్టుకుని కూర్చుంటాయి. ప్లగ్గు తీసేశాం కదా అని చెయ్యి పెడితే కొట్టేది అదే. తెలిసినవాళ్ళు 10 కిలోఓముల, 5 వాట్ల రెసిస్టరుకు ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు తగిలించి, కండెన్సరు రెండు కొసల మధ్య పది సెకన్లు ఉంచి, ఆ తర్వాత మల్టీమీటరుతో చూసుకుంటారు. స్క్రూడ్రైవరు అడ్డంపెట్టి టప్పుమనిపించే అలవాటు కొందరికి ఉంది. అది కండెన్సరుకూ మంచిది కాదు, కంటికీ మంచిది కాదు. ఇదంతా తెలియనివాళ్ళు భాగాలన్నీ బిగించిన ఇనపరేకు చట్రం, అంటే ఛాసిస్, అడుగుభాగం జోలికి వెళ్ళకుండా పైపైన శుభ్రం చేసుకుంటే చాలు.

ఇంకొక మాట. వాల్వుల నంబర్లు యూఎల్ 84, యూవై 85 అంటూ ‘యూ’ అక్షరంతో మొదలైతే అది ఏసీ-డీసీ సెట్టు. అప్పట్లో మన దేశంలో కొన్ని నగరాల్లో డీసీ కరెంటు ఉండేది కాబట్టి ఇలాంటివి చేశారు. వీటిలో చాలావాటికి మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు ఉండదు, కరెంటు తీగల్లో ఒకటి నేరుగా ఛాసిస్‌కే కలిసి ఉంటుంది. అంటే ప్లగ్గు పెట్టినప్పుడు ఆ ఇనపరేకే షాక్ కొట్టొచ్చు. ఇలాంటి చాలా సెట్లలో నాబ్ పక్కభాగాన చిన్న గుంట, అందులో మైనం కనిపిస్తాయి. చూడటానికి జిడ్డులా ఉంటుంది. లోపల ఉన్న స్క్రూ మీ వేలికి తగలకుండా తయారుచేసినవాళ్ళు నింపిన మైనం అది. పిన్నీసుతో గీకేయకండి.

అసలు నేను చెప్పదలచుకున్నది ఇదే. పాత రేడియోలో మురికిలా కనిపించేదంతా మురికి కాదు. వాల్వు గాజు లోపల పైభాగంలో వెండి పూసినట్టు మెరిసే పూత ఉంటుంది. లోపల మిగిలిన గాలిని పీల్చుకోవడానికి పెట్టిన పదార్థం అది. అది మెరుస్తుంటే వాల్వులోకి గాలి చొరబడలేదన్నమాట, పాలలా తెల్లబడితే ఆ వాల్వు పోయినట్టే. స్టేషను సిగ్నలును వడగట్టే, చిన్న అల్యూమినియం డబ్బాల్లాంటి ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ల తలమీద ఎర్రగానో పచ్చగానో రంగుబొట్టు ఉంటుంది. కంపెనీలో ట్యూనింగు సరిచేశాక కదలకుండా వేసిన సీలు అది. ఇక వాల్వు మీద నంబరును తడివేలితో తుడిచారంటే చాలావాటికి ఊడొస్తుంది. నంబరు పోయిన వాల్వుకు జోడీ వెతకడం మెకానిక్కులకు కూడా కష్టం.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది డయల్ గాజు. 25, 31, 41 మీటర్ల గీతలు, కొన్ని సెట్ల మీద ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, సిలోన్ అన్న పేర్లు. ఆ అక్షరాలు గాజు ముందువైపు ఉండవు, వెనకవైపు రంగుతో అచ్చువేసి ఉంటాయి. అరవై ఏళ్ళకు ఆ రంగు గాజును పట్టుకుని ఉండదు. స్పిరిట్టే అక్కర్లేదు, ఉత్త నీళ్ళు తగిలినా గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది. బాగు చేసినవాళ్ళ ఇళ్ళలోనే ఖాళీ గాజులు కనిపిస్తాయి. ముందువైపు మాత్రం మెత్తని గుడ్డను కొంచెం తడిపి, బాగా పిండి తుడవండి. వెనకవైపు మెత్తని పొడి బ్రష్షుతో, అదీ అక్షరాలకు తగలకుండా దుమ్ము జార్చండి. మసక మిగిలితే మిగలనివ్వండి. పేర్లు లేని మెరుపు కంటే మసకలో చదవగలిగే మద్రాసు నయం.

ఇక పని. వరండాలో, గాలి ఆడే చోట మాస్కు, గ్లౌజులు వేసుకుని కూర్చోండి. తెరవకముందే నాలుగువైపులా ఫొటోలు తీయండి. లోపల ఎలుక పెంట, బల్లిగుడ్లు, కందిరీగ కట్టిన మట్టిగూడు, ఏదైనా ఉండొచ్చు. పెంటను పొడిగా ఊడ్చకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడి టిష్యూతో ఎత్తేయండి. వేడెక్కే రెసిస్టరు దగ్గర తెల్లటి, పీచుపీచుగా ఉన్న అట్ట కనిపిస్తే అది ఆస్‌బెస్టాస్ కావచ్చు, దాన్ని ముట్టుకోకండి. మిగతా దుమ్ముకు పెయింటు వేసే మెత్తని బ్రష్షు చాలు. స్టేషన్లు మార్చే గ్యాంగు కండెన్సరు రేకుల మధ్య బ్రష్షు కూడా పెట్టకండి, రబ్బరు బల్బుతో గాలి ఊదండి. ఒక్క రేకు వంగినా స్టేషన్లు తారుమారవుతాయి. స్పీకరు కాగితాన్ని, ముందున్న గుడ్డను వదిలేయండి. తడిస్తే గుడ్డ ముడుచుకుపోతుంది.

చెక్క పెట్టెకు స్పిరిట్టు వాడొద్దు, దాని మీద లక్క పాలిష్ ఉంటే కరిగిపోతుంది. పెట్రోలు, కిరోసిన్ ఎక్కడా వద్దు. మైనం పెట్టని ప్లాస్టిక్ నాబులు ఊడదీసి గోరువెచ్చని సబ్బునీళ్ళలో కడిగి ఆరబెట్టొచ్చు. ట్రాన్సిస్టరు సెట్టు అయితే బ్యాటరీ అర చూడండి. పాత మామూలు సెల్లు కారితే వంటసోడా కలిపిన నీళ్ళు, ఆల్కలైన్ సెల్లు కారితే వెనిగరు, దూదితో కొద్దిగా అద్ది తుడవాలి. వాల్యూము తిప్పితే కరకరమంటే ఎలక్ట్రానిక్స్ దుకాణంలో కాంటాక్ట్ క్లీనర్ అని అడగండి. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే దానికి పనికిరాదు.

శుభ్రమయ్యాక కూడా నేరుగా ప్లగ్గు పెట్టకండి. ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే సీరీస్ బోర్డులో 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బు పెట్టించి, దాని ద్వారా కరెంటు ఇప్పించండి. ఎల్ఈడీ బల్బు ఇక్కడ పనికిరాదు. బల్బు మొదట వెలిగి క్రమంగా తగ్గితే కొంత ధైర్యం. తగ్గకుండా నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేయండి. లోపల ఏదో షార్టయింది. అప్పుడు వాల్వులు తెలిసిన మెకానిక్కును వెతకండి. కొన్ని ఊళ్ళలో అలాంటి పెద్దాయన ఇంకా ఉంటారు. ఆయన దగ్గరికి వెళ్ళేటప్పుడు మీరు తీసిన ఫొటోలు, ఊడదీసి డబ్బాలో పెట్టిన స్క్రూలు కూడా పట్టుకెళ్ళండి.

సెలవు.