లెరాయ్ సానే: ఒక ఎడమకాలు, రెండు అంచులు

[తెరపై: పై నుంచి కనిపించే ఖాళీ మైదానం. ఎడమ అంచున ఒక చుక్క, కుడి అంచున ఒక చుక్క.]

షాల్కే, మాంచెస్టర్ సిటీ, బయర్న్ మ్యూనిక్, 2025 నుంచి గలాటసరే. జర్మన్ ఫుట్‌బాల్ ఆటగాడు లెరాయ్ సానే కెరీర్‌ని గోల్స్ పట్టికలో వెతికితే సగమే దొరుకుతుంది. ఏ కోచ్ అతన్ని ఏ అంచున నిలబెట్టాడో చూడండి, మిగతా సగం అక్కడుంది.

సానే పక్కా ఎడమకాలి ఆటగాడు. కుడికాలితో కొట్టడం తక్కువ. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు.

[తెరపై: ఎసెన్, 1996.]

పుట్టింది ఎసెన్‌లో. తండ్రి సులేమాన్ సానే సెనెగల్ జాతీయ జట్టు స్ట్రైకర్. తల్లి రెగీనా వెబర్ 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో రిథమిక్ జిమ్నాస్టిక్స్ కాంస్యం గెలిచింది. ఆ పరుగు, ఆ ఒంటి వంపు ఎక్కడివని వేరే అడగక్కర్లేదు. 2015 మార్చిలో, 19 ఏళ్లకే, రియల్ మాడ్రిడ్ సొంత మైదానంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగి బాక్స్ బయటి నుంచి ఎడమకాలితో బంతిని తిప్పి గోల్ కొట్టాడు. ఆ రాత్రి షాల్కే 4-3తో గెలిచింది. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి లెక్క, తొలి మ్యాచ్ 0-2తో ఓడినందువల్ల ఐరోపా క్లబ్బుల టోర్నీ ఛాంపియన్స్ లీగ్ నుంచి మాత్రం బయటికెళ్లింది.

[తెరపై: ఎడమ అంచు దగ్గరగా. బాణం గుర్తులు.]

2016లో కోచ్ పెప్ గార్డియోలా అతన్ని మాంచెస్టర్ సిటీకి తెచ్చాడు. ఇక్కడ కాస్త ఆగుదాం, అసలు విషయం ఇదే.

2017-18 సీజన్ మొదట్లోనే సిటీ లెఫ్ట్‌బ్యాక్ (ఎడమ అంచు డిఫెండర్) మెండీ మోకాలు దెబ్బతింది. అతని స్థానంలో ఆడిన డెల్ఫ్, జించెంకో ఇద్దరూ నిజానికి మిడ్‌ఫీల్డర్లు. అంచు వదిలి మధ్యలోకి జరిగి ఆడేవాళ్లు. దాంతో ఎడమ అంచు మొత్తం సానేకి మిగిలింది. బూట్లకు సున్నం అంటేంతగా టచ్‌లైన్‌ను (మైదానం పక్క గీతను) అంటిపెట్టుకుని నిలబడేవాడు. ఎదుటి రైట్‌బ్యాక్‌కి అదే చిక్కు. సానే దగ్గరికి వెళ్తే లోపల సిటీ మిడ్‌ఫీల్డర్ డేవిడ్ సిల్వాకి చోటు దొరుకుతుంది. సిల్వాని కాపు కాస్తే సానే ఒంటరిగా ఉంటాడు. రైట్‌బ్యాక్ ఎటూ తేల్చుకోలేని ఆ క్షణంలో అతనికీ సెంటర్‌బ్యాక్‌కీ మధ్య సందులోంచి పాస్ వచ్చేది, సానే వాళ్ల వెనక్కి దూసుకెళ్లేవాడు.

ఎడమకాలు ఎడమ అంచున ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. పరుగులో బంతి బయటివైపు కాలి మీద ఉంటుంది, డిఫెండర్ లోపలివైపు ఉంటాడు, మధ్యలో సానే ఒళ్లు అడ్డం. గోల్‌లైన్ దాకా వెళ్లాక బంతిని కాలు మార్చుకోనక్కర్లేదు. అదే కాలితో, అదే పరుగులో, గోల్ ముందున్న 5.5 మీటర్ల బాక్స్ గుండా నేల మీదుగా పంపొచ్చు. దూరపు పోస్ట్ దగ్గర సహచరుడు స్టెర్లింగ్ కాలు పెడితే గోల్. ఆ సీజన్‌లో సానే లీగ్‌లో 10 గోల్స్ కొట్టాడు, 15 చేయించాడు. సిటీ 100 పాయింట్లతో టైటిల్ గెలిచింది.

ఇది ఎక్కడ చెడుతుంది? ఎదుటి జట్టు గోల్ ముందే గుంపుగా కూర్చుంటే పరుగెత్తడానికి వెనక చోటుండదు. పరుగు ఒక్క అడుగు ముందైతే, అంటే పాస్ కొట్టకముందే డిఫెండర్లను దాటేస్తే, ఆఫ్‌సైడ్. క్రాస్ ఒక్క క్షణం ఆలస్యమైతే గోల్‌కీపర్ చేతిలో పడుతుంది.

అంత ఆడినా 2018 ప్రపంచకప్ జట్టులోంచి జర్మనీ కోచ్ యోఅకిమ్ లోవ్ అతన్ని తప్పించాడు. అప్పటికి జర్మనీ తరఫున సానేకి ఒక్క గోలూ లేదు. అయినా అది తప్పు నిర్ణయమే. ఆ జర్మనీ గ్రూప్‌లో అడుగున మిగిలింది, డిఫెన్స్ వెనక్కి పరుగెత్తేవాడు లేక.

[తెరపై: 2019 జనవరి 3, సిటీ 2, లివర్‌పూల్ 1.]

గెలుపు గోల్ సానేదే. ఎడమవైపు నుంచి ఎడమకాలితో నేలబారుగా కొడితే బంతి దూరపు పోస్ట్‌కి తగిలి లోపలికెళ్లింది. ఆ సీజన్ టైటిల్ తేడా ఒక్క పాయింట్: సిటీ 98, లివర్‌పూల్ 97.

[తెరపై: మోకాలి బొమ్మ, ముందు లిగమెంట్ ఎరుపులో.]

2019 ఆగస్టు 4, వెంబ్లీ, కమ్యూనిటీ షీల్డ్. మ్యాచ్ మొదలైన కాసేపటికే కుడి మోకాలి ముందు లిగమెంట్ దెబ్బతింది. ఎడమకాలితో కొట్టేవాడికి కుడి మోకాలేగా అంటే, అది అతను ఆనుకునే కాలు. ఎడమకాలితో కొట్టే ప్రతిసారీ ఒంటి బరువంతా దాని మీదే పడుతుంది. ఈ లిగమెంట్ పని మోకాలి కింది ఎముక ముందుకు జారకుండా, పక్కకు తిరగకుండా పట్టి ఉంచడం. ఆపరేషన్ తర్వాత తిన్నని పరుగు ముందు వస్తుంది. పరుగులో ఉన్నట్టుండి ఆగడం, కోసుకుంటూ తిరగడం చివర వస్తాయి. అంచున ఆడే వింగర్‌కి కావాల్సినవి ఆ రెండే. మళ్లీ లీగ్ మ్యాచ్‌లో దిగేసరికి 2020 జూన్ అయింది.

[తెరపై: కుడి అంచు.]

జూలైలో బయర్న్‌కి మారాడు, పదో నంబర్ చొక్కా ఇచ్చారు. అంతకుముందు ఏళ్ల తరబడి రాబెన్ వేసుకున్న నంబర్ అది. రాబెన్ కూడా ఎడమకాలే, కుడి అంచే. మొదటి మ్యాచ్‌లో పాత జట్టు షాల్కే మీద 8-0, అందులో సానే గోల్ ఒకటి. తర్వాత కష్టం మొదలైంది.

కుడి అంచున ఎడమకాలివాడు లోపలికి కోసుకొచ్చి కొట్టాలి. దానికి ఒక టచ్ ఎక్కువ పడుతుంది. ఆ టచ్ సమయంలో రెండో డిఫెండర్ వచ్చేస్తాడు. లోపలి దారి మూసి బయటికి తోస్తే క్రాస్ కుడికాలితో కొట్టాల్సి వస్తుంది. 2021 ఆగస్టులో కొలోన్ జట్టుతో మ్యాచ్‌లో సొంత అభిమానులే ఎగతాళిగా ఈలలు వేశారు, విరామంలోనే బయర్న్ కోచ్ నాగెల్స్‌మన్ అతన్ని ఆట నుంచి తప్పించాడు. ఆ తర్వాత అదే నాగెల్స్‌మన్ అతన్ని ఎడమకు, కానీ కాస్త లోపలికి మార్చాడు. అంచు పరుగంతా లెఫ్ట్‌బ్యాక్ అల్ఫోన్సో డేవీస్‌ది, దాని పక్కనే ఎదుటి జట్టు మిడ్‌ఫీల్డ్, డిఫెన్స్ వరుసల మధ్య ఖాళీ సానేది. అక్టోబర్‌లో బెన్ఫికా మీద 4-0 గెలుపులో రెండు గోల్స్ కొట్టాడు, ఒకటి ఫ్రీకిక్.

[తెరపై: 2024 ఏప్రిల్ 30, మ్యూనిక్. 53వ నిమిషం, నెమ్మదిగా.]

గజ్జల నొప్పితోనే నెలల తరబడి ఆడుతున్నాడు. ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్, ఎదుట రియల్ మాడ్రిడ్. కుడి అంచు నుంచి లోపలికి కోశాడు. ఇక్కడి నుంచి ఎడమకాలివాడు దూరపు పోస్ట్‌కే తిప్పుతాడని అందరికీ తెలుసు. సానే దగ్గరి పోస్ట్ వైపు బలంగా కొట్టాడు.

[తెరపై: గోల్‌కీపర్ దగ్గర బొమ్మ ఆగుతుంది. 1-1.]