వారం గదిలో పెడితే వ్యసనం పోతుందా?

నమస్తే అండీ. పోయిన వీడియో చూసి రాజోలు వైపు నుంచి ఒక అక్క అడిగారు, మా తమ్ముడు గంజాయి మానేసి రెండు నెలలైంది, నిద్ర పడుతోంది, తిండి తింటున్నాడు, మరి మళ్ళీ ఎందుకు ముట్టుకున్నాడని. అక్కా, ఒంటికి అలవాటవడం వేరు, మనసుకి అలవాటవడం వేరు, మనం రెండూ ఒకటే అనుకుంటాం, అక్కడే దెబ్బ తింటాం.

మా మావయ్య సంగతి చెప్తా. కొబ్బరి దింపు పని, రోజూ మందు. ఒకసారి ఇంట్లోవాళ్ళే గదిలో పెట్టి తాళం వేశారు, నాలుగు రోజులు ఓర్చుకుంటే అదే పోద్దని. మొదటి రోజే చేతులు వణుకు, చెమటలు, రెండో రోజు ఫిట్స్, మూడో రాత్రి గోడ మీద జెర్రులు పాకుతున్నాయని ఒకటే అరుపులు. ఏళ్ళ తరబడి మందు మెదడుకి జోల పాడుతుంటే మెదడు మెలకువగా ఉండటానికి ఇంకా గట్టిగా పనిచెయ్యడం నేర్చుకుంటుంది, మందు ఒక్కసారే ఆపేస్తే ఆ పరుగు ఆగదు. ప్రాణం పోవచ్చండీ, నిద్రమాత్రలు ఏళ్ళ తరబడి వాడి ఒక్కసారే మానేసినా అంతే. దయచేసి ఎవరినీ అలా బంధించొద్దు, డాక్టరు దగ్గరుండి మాన్పించాలి. హెరాయిన్‌కైతే ఒళ్ళు నొప్పులు, విరోచనాలు, నరకమే, కానీ మామూలుగా వారం పదిరోజుల్లో తగ్గుద్ది.

ఆస్పత్రిలో వారానికి మావయ్య లేచి కూర్చున్నాడు, ఇక గండం గడిచిందనుకున్నాం. మూడు నెలల తర్వాత దింపు డబ్బులు చేతికొచ్చిన సాయంత్రం, కాలువ గట్టు, అదే బెల్టు షాపు, అదే జట్టు, అంతే. ఒంట్లో మందు చుక్క లేదు, వణుకు లేదు, కానీ ఆ చోటు కనపడగానే మెదడు లాగేసింది. ఇది మనిషి బలహీనత అని తిట్టకండి, అదీ మెదడులో పడ్డ ముద్రే. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కి అలవాటుపడ్డ అమెరికా సైనికుల్లో ఎక్కువమంది 1970ల్లో ఇంటికొచ్చాక మళ్ళీ అందులో పడలేదు, ఆ చోటూ ఆ బతుకూ వెనకే ఉండిపోయాయి కదా.

దీనికి తిరగేసి చూడండి, క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ వాడే పెద్దాయనకి సడన్‌గా ఆపితే ఒళ్ళు తల్లడిల్లుద్ది, అంతమాత్రాన ఆయన వ్యసనపరుడు కాదు. అలవాటైపోద్దని భయపడి ఆ మందు ఇవ్వకుండా నొప్పితో ఉంచేసే ఇళ్ళున్నాయి, అది తలుచుకుంటే నాకు చాలా బాధ.

ఇప్పుడు దింపు డబ్బులు అత్త చేతికే వస్తాయి, మావయ్య గట్టు దారి వదిలేసి లాకుల మీదుగా చుట్టూ తిరిగి ఇంటికొస్తాడు. అక్కా, తమ్ముడికి ఏ టైంలో, ఎవరితో ఉన్నప్పుడు, ఎక్కడ అది గుర్తొస్తుందో పక్కన కూర్చుని నెమ్మదిగా అడగండి, మత్తు మానడానికి సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చెయ్యండి, ఉచితమే.