సంఘంలో పని ఎవరిది, నిర్ణయం ఎవరిది?

అందరికీ వందనాలండి. ఈరోజు మాట్లాడేది మన క్రైస్తవ సంఘంలో, అంటే చర్చిలో, స్త్రీల పాత్ర, పురుషుల పాత్ర గురించి. ఈ మాట ఎత్తగానే మనవాళ్ళ చర్చ అంతా ఒక్క చోటికే పోతుంది, ఆడవాళ్ళు పుల్పిట్ ఎక్కి వాక్యం చెప్పొచ్చా, చెప్పకూడదా. ఒకరు మొదటి తిమోతి 2:12 తీస్తారు, స్త్రీ మౌనంగా ఉండాలి, ఉపదేశించడానికి సెలవివ్వను అని పౌలు రాశాడు కదా అంటారు, ఇంకొకరు గలతీ 3:28 తీస్తారు, క్రీస్తులో పురుషుడని స్త్రీ అని లేదు అంటారు, గంటసేపు గట్టిగా వాదించుకుని ఇంటికి పోతారు. కానీ ఆ వారం మందిరం ఊడ్చింది ఎవరు, పిల్లలకి సండే స్కూల్ చెప్పింది ఎవరు, కానుకల డబ్బు ఎలా ఖర్చుపెట్టాలో తేల్చింది ఎవరు, ఇది మాత్రం ఎవరూ అడగరు. నాకు బాధ కలిగించేది అదేనండి.

పుల్పిట్ సంగతి ఏదో దాటేస్తున్నానని అనుకోవద్దు, నా అభిప్రాయం చెప్పేస్తా. దేవుడు వరం ఇచ్చిన స్త్రీ వాక్యం చెప్పొచ్చు అనే నేను నమ్ముతాను. మొదటి కొరింథీ 14లో స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలి అన్న అదే పౌలు, అదే పత్రికలో 11వ అధ్యాయంలో స్త్రీ ప్రార్థన చేసేటప్పుడు, ప్రవచించేటప్పుడు తల మీద ముసుగు ఉండాలి అన్నాడు, అంటే సంఘంలో ఆవిడ నోరు తెరుస్తుందని ఆయనకి తెలుసు కదా. అపొల్లో లాంటి గొప్ప వక్తకి దేవుని మార్గం ఇంకా బాగా వివరించింది ప్రిస్కిల్ల, అకుల ఇద్దరూ కలిసి, అపొస్తలుల కార్యాలు 18లో ఉంది. అయినా దీని మీద సంఘాలు ఒక్కమాట మీద లేవు. 1994లో ఇంగ్లండ్ ఆంగ్లికన్ సంఘం మొదటిసారి స్త్రీలని ప్రీస్టులుగా అభిషేకించింది, అదే 1994లో పోప్ రెండవ జాన్ పాల్ స్త్రీలని అభిషేకించే అధికారం కతోలిక సంఘానికి లేనేలేదు అని రాశారు. మన సీఎస్ఐలో, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో, 2013లో నంద్యాల డయాసిస్‌కి పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, ఆ సంఘంలో తొలి మహిళా బిషప్ ఆవిడే. మీ సంఘం ఏ పక్షమైనా సరే, ఇప్పుడు నేను చెప్పబోయేది మీకూ వర్తిస్తుంది.

వాక్యం చెప్పడం వేరు, నిర్ణయాల్లో ఉండటం వేరు. ఈ రెండింటినీ మనం కలిపేశాం. పుల్పిట్ మీద వద్దు అన్న ఒక్క వచనం పట్టుకుని కమిటీలో వద్దు, లెక్కల్లో వద్దు, పాస్టర్ గారిని పిలిచేటప్పుడు అభిప్రాయం కూడా అడగొద్దు, ఇలా అన్నిటికీ అదే తాళం వేసేశాం. స్త్రీలని అభిషేకించం అని గట్టిగా నిలబడ్డ కతోలిక సంఘమే 2023 అక్టోబర్‌లో రోమ్‌లో జరిగిన బిషప్‌ల సినడ్‌లో, అంటే వాళ్ళ పెద్ద సభలో, మొదటిసారి స్త్రీలకి ఓటు ఇచ్చింది. వాళ్ళ బోధ మారలేదు, కూర్చునే చోటు మారింది. మరి మనకేం అడ్డం?

ఒక్కసారి ఊహించండి. సంఘంలో ఒక అమ్మాయికి అన్యాయం జరిగింది, పెద్దవాళ్ళకి చెప్పుకోవాలి. లోపల కూర్చున్నది అందరూ మగవాళ్ళే, అందులో ఇద్దరు ఆ తప్పు చేసినవాడి చుట్టాలు. ఆ పిల్ల నోరు ఎలా తెరుస్తుంది చెప్పండి? తెరిచినా సగమే చెప్తుంది, ఆ సగం విని సాక్ష్యం సరిపోలేదమ్మా అని పంపేస్తారు. సమాధి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి ప్రభువు లేచాడు అని చెప్పిన స్త్రీల మాట కూడా యేసు శిష్యులైన అపొస్తలులకి వెర్రిమాటల్లాగే అనిపించింది, లూకా 24లో చూడండి, వాళ్ళు నమ్మలేదు. కానీ ఆ స్త్రీలు చెప్పిందే నిజం. రాజుల కాలంలో యోషీయా రాజుకి ధర్మశాస్త్ర గ్రంథం దొరికినప్పుడు యాజకుడైన హిల్కీయాతో సహా రాజు మనుషులు ఎవరి దగ్గరికి వెళ్ళారు? హుల్దా అనే ప్రవక్త్రి దగ్గరికి. యిర్మీయా ప్రవక్త అప్పటికే ప్రవచిస్తున్నాడు, అయినా ఆవిడ దగ్గరికే వెళ్ళారు, ఆవిడ చెప్పిన మాట విని రాజు దేశం మొత్తాన్నీ సరిచేశాడు.

ఇప్పుడు అన్నయ్యలారా, మన సంగతి. ఇది ఇంకొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పాత్రలు అనగానే స్త్రీలకి హద్దులు గీయడమే తప్ప పురుషుడి పని ఏంటో ఎవరూ బోధించరు. ఆది సంఘంలో గొడవ దేని గురించి వచ్చింది? అన్నం గురించి. అపొస్తలుల కార్యాలు 6, గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకి రోజూ పంచే దాంట్లో సరిగ్గా అందట్లేదు అని సణుగుడు మొదలైంది. దానికి ఎవరిని పెట్టారు? ఏడుగురు మగవాళ్ళని. ఆత్మతో, జ్ఞానంతో నిండినవాళ్ళు కావాలి అని ఏరి మరీ పెట్టారు, స్తెఫను ఆ ఏడుగురిలో ఒకడు. విశ్వాసం కోసం ప్రాణమిచ్చి హతసాక్షి అయిన స్తెఫను అంటే మనకి ఎంత గౌరవం, ఆయన్ని సంఘం ముందు నియమించింది భోజనాల బల్ల దగ్గర పనికి. మరి మన దగ్గర ప్రేమవిందు రోజు ఆడవాళ్ళు పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే ఉండి వాక్యం సగం కూడా వినకుండా పోతున్నారు. యేసయ్య పాదాల దగ్గర కూర్చున్న మరియది ఉత్తమమైనది అని ఆయనే చెప్పాక కూడా మనం ప్రతి అక్కనీ, వాక్యం వినకుండా పనుల్లో మునిగిపోయిన మరియ సహోదరి మార్తని చేసేశాం.

ఎఫెసీ 5లో భర్త భార్యకి శిరస్సు అన్న మాట అందరికీ కంఠతా వచ్చు, రెండే వచనాల తర్వాత క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు ప్రేమించండి అని ఉంది, అది భర్తలకి. శిరస్సు అంటే అదన్నమాట, ప్రాణం పెట్టడం. కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టడం ఒక్కటే నాయకత్వం అనుకుంటే ఆ వచనం ముందు నిలబడలేం. ఉపవాస ప్రార్థనకి ఎంతమంది మగవాళ్ళు వస్తున్నారో చూడండి, జబ్బుపడ్డవాళ్ళ ఇంటికి వెళ్ళేది ఎవరో చూడండి. ప్రార్థన చేసేది, బైబిల్ నేర్పేది ఎప్పుడూ అమ్మలూ అక్కలే అయితే, భక్తి ఆడవాళ్ళ వ్యవహారం అనుకుని ఎదిగిన మగపిల్లాడు పదిహేనేళ్ళు వచ్చేసరికి వెనక బెంచీలోకి, ఆ తర్వాత గేటు బయటికి వెళ్ళిపోతున్నాడు. వాడికి నేర్పాల్సింది మనమే కదా.

పాస్టర్ గార్లు, సంఘ పెద్దలు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే చేతులెత్తి అడుగుతున్నాను. వచ్చే నెల పరిచర్య లిస్టు రాసేటప్పుడు సండే స్కూల్ దగ్గర, వంట దగ్గర బ్రదర్స్ పేర్లు కూడా రాయండి. కానుకల లెక్క చూసే చోట, ఫిర్యాదు వినే చోట నమ్మకమైన ఇద్దరు ముగ్గురు అక్కల్ని కూర్చోబెట్టండి, ఊరికే కూర్చోబెట్టడం కాదు, వాళ్ళ మాట కూడా మినిట్స్‌లో రాయండి. దీనికి మీ సిద్ధాంతం ఏదీ మార్చుకోనక్కర్లేదు. వందనాలండి.