తీగ లాగితే డొంకంతా కదిలిన చదువు: డి.డి. కోశాంబి

నమస్కారం అండీ. ఈమధ్య చాలామందిలో ఒక ఆరాటం చూస్తున్నాను. పొద్దున ఎకనామిక్స్ మీద ఒక పాడ్‌కాస్ట్, మధ్యాహ్నం మెదడు గురించి ఒక వీడియో, రాత్రి పడుకునే ముందు చరిత్ర పుస్తకం ఓ పది పేజీలు. అన్నీ తెలుసుకోవాలన్న తపన మంచిదే. కానీ కొన్నాళ్లు పోయాక, ఇంత విన్నాం, ఇంత చదివాం, ఒక్కటీ వంటబట్టలేదే అని దిగులు పట్టుకుంటుంది. ఆ దిగులుతో ఉన్నవాళ్లకి ఈ వీడియోలో సలహాలు చెప్పను. ఒక మనిషి ఎలా చదివాడో చెబుతాను. ఆయనే దామోదర్ ధర్మానంద్ కోశాంబి.

1907లో గోవాలో పుట్టారు. తండ్రి ధర్మానంద్ పేరుమోసిన బౌద్ధ పండితుడు. కొడుకు హార్వర్డ్‌లో చదువుకుని 1929లో పట్టా పుచ్చుకున్నారు. తిరిగొచ్చి కాశీలో, అలీగఢ్‌లో, ఆ తర్వాత పుణే ఫెర్గూసన్ కాలేజీలో లెక్కలు చెప్పారు. 1945 నుంచి బొంబాయిలో టాటా ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థలో గణితం ప్రొఫెసర్. పుణేలో ఇల్లు, బొంబాయిలో ఉద్యోగం, మధ్యలో డెక్కన్ క్వీన్ రైలు. మరి ఈ లెక్కల మాస్టారి పేరు ఇవాళ మనకి భారతదేశ చరిత్ర పుస్తకాల్లో ఎందుకు కనబడుతోంది?

మొదలు స్టాటిస్టిక్స్ దగ్గరుంది. ఆ శాస్త్రం నేర్చుకుంటూ, దీన్ని ఏదైనా నిజమైన సమస్య మీద ప్రయోగించి చూడాలనుకున్నారు. ఎంచుకున్నది పాత నాణేలు.

స్కూలు పుస్తకంలో విద్ధాంక నాణేలని చదువుకున్నాం గుర్తుందా? చిన్న చిన్న వెండి ముక్కలు. వాటి మీద సూర్యుడు, కొండ, చెట్టు, ఏనుగు లాంటి గుర్తులు ఒక్కొక్కటిగా ముద్ర కొట్టి ఉంటాయి. మన అమరావతిలోనూ పెద్ద రాశి దొరికింది. వీటి ప్రామాణికమైన తూకం 32 గురివింద గింజలు, అంటే సుమారు మూడున్నర గ్రాములు. చిక్కేమిటంటే, వాటి మీద రాజు పేరుండదు, సంవత్సరం ఉండదు. ఏది ముందుదో, ఏది తర్వాతిదో చెప్పడం ఎలా?

కోశాంబి త్రాసు తీసుకున్నారు. నాణెం చేతులు మారేకొద్దీ అరుగుతుంది కదా. ఒక్క నాణేన్ని తూచితే ఏమీ తెలియదు, ఎందుకంటే టంకశాలలోనే ఒకటి కాస్త బరువుగా, ఒకటి కాస్త తేలిగ్గా తయారవుతుంది. అదే వందల్లో తూచితే కథ మారుతుంది. వాడకం పెరిగేకొద్దీ సగటు బరువు తగ్గుతుంది, నాణేనికీ నాణేనికీ మధ్య తేడాలు పెరుగుతాయి. ఈ ఊహ నిజమో కాదో తేల్చుకోకుండా పాత నాణేల జోలికి వెళ్లలేదాయన. ముందు తన కాలంలో చలామణిలో ఉన్న నాణేలు పట్టుకున్నారు. వాటి మీద సంవత్సరం అచ్చయి ఉంటుంది కాబట్టి లెక్క సరిచూసుకోవచ్చు. వేల నాణేలు, ఒక్కొక్కటిగా తూచారు. నాకు ఆయన మీద గౌరవం మొదలయ్యేది ఇక్కడే. ఇది మేధావితనం కంటే ముందు ఓపిక.

ఆ తర్వాత తక్షశిల తవ్వకాల్లో బయటపడ్డ పాత నాణేల రాశి. ఆ నాణేల వెనకవైపు కూడా చిన్న చిన్న ముద్రలున్నాయి. కొన్నిటికి ఒకటి, కొన్నిటికి రెండు, కొన్నిటికి ఇంకా ఎక్కువ. కోశాంబి లెక్క కడితే, వెనక ముద్రలు పెరిగేకొద్దీ సగటు బరువు ఒక వరసలో తగ్గుతోంది! అంటే అవి అలంకారం కాదు. వర్తకులు ఎప్పటికప్పుడు నాణేన్ని పరీక్షించి, సరిగ్గానే ఉందని వేసిన గుర్తులు అని ఆయన అర్థం చెప్పారు. రెండు వేల ఏళ్ల కిందటి బజారు ఆ త్రాసులోంచి మాట్లాడిందండీ.

సరే, మరి ఆ నాణేలు ఎవరు వేయించారు? దానికి రాజుల వంశావళి కావాలి. పురాణాలు ఒకటి చెబుతాయి, బౌద్ధ గ్రంథాలు ఇంకొకటి, జైన గ్రంథాలు మరొకటి. ఏది నమ్మాలో తేల్చాలంటే మూలాలు చదవాలి, అంటే సంస్కృతం బాగా రావాలి. భాషని పైపైన కాకుండా గట్టిగా పట్టుకోవడానికి ఆయన భర్తృహరిని ఎంచుకున్నారు. మనం ఏనుగు లక్ష్మణకవి తెలుగు పద్యాల్లో చదువుకున్న సుభాషితాల మూలకర్త ఆయనే. తీరా చూస్తే ఒక్కో రాతప్రతిలో ఒక్కో రకంగా శ్లోకాలున్నాయి. వందల ప్రతులు పోల్చి, అన్ని శాఖల్లోనూ కనిపించే శ్లోకాలు ఓ 200 అని తేల్చి, 1948లో సంశోధిత ప్రతి, అంటే తేడాలన్నీ సరిచూసి మూలం ఇదీ అని తేల్చిన ప్రతి తెచ్చారు. సంస్కృత పండితులు మెచ్చుకున్న పని అది, చేసింది లెక్కల మాస్టారు!

అక్కడితో ఆగలేదు. ఈ కవిని ఎవరు పోషించారు, ఆ పోషణకి ధాన్యం ఎవరు పండించారు అన్న ప్రశ్న వచ్చింది. ఈసారి కాళ్లకి పని చెప్పారు. పుణే చుట్టుపక్కల కొండలూ గుట్టలూ తిరిగారు. కూడళ్లలో సిందూరం పూసిన గ్రామదేవతల రాళ్లు, వాటి దగ్గర్లోనే ప్రాచీన మానవుల చిన్న చిన్న రాతి పనిముట్లు, పశువుల కాపర్లు తరతరాలుగా నడిచిన దారులు, ఆ దారుల మీదే బౌద్ధ గుహలు. ఇవన్నీ ఒకే పటం మీద పెట్టి చూశారు. 1956లో వచ్చిన ఆయన పుస్తకం భారత చరిత్ర రాసే పద్ధతినే మార్చింది. రాజుల పేర్ల నుంచి జనం బతుకుల వైపు చూపు తిప్పింది.

గమనించారా? ఆయన ఒక్కసారి కూడా 'నేను పది శాస్త్రాలు నేర్చుకుంటాను' అని కూర్చోలేదు. చేతిలో ఉన్న ప్రశ్నే పక్క శాస్త్రంలోకి ఈడ్చుకెళ్లింది. వెళ్లిన ప్రతిచోటా అక్కడి పనివాళ్లు చేసే మోటు పని తానూ చేశారు. తూకం వేయడం, ప్రతులు పోల్చడం, ఎండలో నడవడం. నా ఉద్దేశంలో మనం వదిలేస్తున్నది సరిగ్గా ఇదే. శాస్త్రవేత్త చివర్లో చెప్పిన మాట వింటాం, అక్కడికి చేర్చిన పనిలో చిన్న ముక్కైనా మన చేత్తో చేసి చూడం.

ఇంకొక సంగతి. 1944లో జన్యుశాస్త్రంలో ఒక సూత్రం ఇచ్చారాయన. క్రోమోజోమ్ మీద రెండు జన్యువుల మధ్య దూరం లెక్కకట్టే సూత్రం. కోశాంబి మ్యాపింగ్ ఫంక్షన్ అంటారు. వరి, శనగ లాంటి పంటల జన్యు పటాలు గీసేవాళ్లు ఇప్పటికీ వాడుతున్నారు.

దెబ్బ తగిలింది మాత్రం సొంత ఇంట్లోనే. గణితంలో రీమన్ పరికల్పన అని అతి కఠినమైన సమస్య ఒకటుంది, ఇవాళ్టికీ ఎవరూ ఛేదించలేదు. సంభావ్యత (ప్రాబబిలిటీ) పద్ధతులతో దాన్ని సాధించానని 1959లో కోశాంబి ఒక వ్యాసం వేశారు. వేసింది వ్యవసాయ గణాంకాల పత్రికలో. రీమన్ సమస్య మీద తలపండినవాళ్లు ముందే పరీక్షించే అవకాశం అక్కడ లేదు. నిరూపణ నిలబడలేదు, పేరు దెబ్బతింది. 1962లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. దానికి వేరే కారణాలూ చెబుతారు. తనది కాని సంస్కృతంలో అంత జాగ్రత్తగా అడుగేసిన మనిషి, తన గణితంలో తనని ఎవరూ తప్పుపట్టలేని చోటు వెతుక్కున్నారేమో అనిపిస్తుంది నాకు. బాధగా ఉంటుంది. 1966లో, 58 ఏళ్లకే పోయారు.

వచ్చే వీడియోలో ఆయన తిరిగిన బౌద్ధ గుహల్లో ఒకటైన కార్లేకి వెళ్దాం. అక్కడ స్తంభాలు చేయించిన దాతల్లో ధేనుకాకటం అనే ఊరి యవనులున్నారు, అంటే గ్రీకులని పిలిచినవాళ్లు. మన శాతవాహన రాజు వాసిష్ఠీపుత్ర పులుమావి కాలం నాటి శాసనమూ ఉంది. రెండూ చదువుదాం, ఆ శాసనాల పాత లిపి బ్రాహ్మీ అక్షరాలు కొన్ని నేర్చుకుని మరీ చదువుదాం. కాగితం, పెన్ను పక్కన పెట్టుకోండి.