చన్నీటి డైవింగ్‌కు డ్రై సూట్ ఎంచుకోవడం ఎలా?

సభకు నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవారిలో చాలామంది స్కూబా డైవింగ్‌ను అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవిలోనో, విశాఖలోని రుషికొండ తీరంలోనో నేర్చుకున్నవారే. అక్కడ నీళ్ళు ఏడాదిలో చాలా నెలలు 27, 28 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటాయి కాబట్టి ఒంటికి అతుక్కునే పల్చని వెట్ సూట్‌తో ముప్పావుగంట హాయిగా గడిపి పైకి వస్తాం. ఉద్యోగరీత్యా అమెరికాలోని సియాటిల్, రెడ్‌మండ్, బెల్‌వ్యూ ప్రాంతాలకు చేరాక, ఇంటికి కూతవేటు దూరంలోనే ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ ఉందని, ప్రపంచంలోకెల్లా పెద్ద ఆక్టోపస్ జాతి అందులో కాపురముంటోందని తెలిసి ప్రాణం లేచివస్తుంది. ఆ నీళ్ళు ఏడాది పొడుగునా ఇంచుమించు 7 నుంచి 13 డిగ్రీల మధ్యే ఉంటాయని తెలియగానే ఆ ఉత్సాహం సగం చల్లారుతుంది. మిగిలిన సగంతో నన్ను అందరూ అడిగే మొదటి ప్రశ్న, ‘ఏ కంపెనీ డ్రై సూట్ కొనమంటారు?’ అని. డ్రై సూట్ అంటే నీటిని లోపలికి రానివ్వని డైవింగ్ దుస్తు. కంపెనీ పేరు చిట్టచివర తేల్చుకోవలసిన సంగతి కాబట్టి, దానికి ముందు తేల్చుకోవలసిన వాటి గురించే ఈ పూట మాట్లాడతాను.

నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. వెట్ సూట్‌ను కుట్టే నియోప్రీన్ అనేది లెక్కలేనన్ని సన్నని బుడగలున్న రబ్బరు నురగ. దాని వెచ్చదనమంతా ఆ బుడగల్లో చిక్కుకున్న వాయువుదే. 10 మీటర్ల లోతున పీడనం రెట్టింపు అవుతుంది కనుక ఆ వాయువు దాదాపు సగానికి, 30 మీటర్ల దగ్గర దాదాపు నాలుగో వంతుకు కుంచించుకుపోతుంది. అంటే చలి బాగా పట్టే చోటికి వెళ్ళేసరికి సూట్ పల్చబడిపోతుందన్నమాట. డ్రై సూట్ దారి వేరు. అది మెడ దగ్గర, మణికట్ల దగ్గర నీటిని ఆపేసి ఒంటికీ సూట్‌కీ మధ్య ఒక గాలి పొరను నిలుపుతుంది. దిగేకొద్దీ ఆ పొర నలిగిపోకుండా సిలిండర్‌లోని గాలిని ఛాతీమీది వాల్వ్ ద్వారా లోపలికి వదులుకుంటాం, పైకి వచ్చేటప్పుడు వ్యాకోచించే ఆ గాలిని ఎడమ జబ్బమీది వాల్వ్ ద్వారా బయటికి పంపుతాం.

ఈ పద్ధతి అర్థమైతే మీ డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా అర్థమవుతుంది. ఇప్పుడు ఎక్కువమంది కొంటున్న ట్రైలామినేట్ సూట్, అంటే రెండు నైలాన్ లేదా పాలియెస్టర్ బట్టల మధ్య పల్చని బ్యూటైల్ రబ్బరు పొరను అతికించి కుట్టినది, నిజానికి ఒక గట్టి వాన కోటు మాత్రమే. వాన కోటు తడవనివ్వదు, అంతేగాని చలిని ఆపదు. చలిని ఆపేది లోపల వేసుకునే అండర్‌సూట్, అది పట్టి ఉంచే గాలి. అందుకే ముందు అండర్‌సూట్ కొనండి, దాన్ని ఒంటిమీద వేసుకుని వెళ్ళి డ్రై సూట్ కొలత చూసుకోండి అని కొత్తవాళ్ళకు పదే పదే చెబుతాను. నేను మాత్రం మొదటి చలికాలం ఈ పని తలకిందులుగా చేశాను. సూట్‌కే ఉన్న డబ్బంతా పోసి, లోపల నూలు బనియను, ఇంట్లో వేసుకునే ట్రాక్ ప్యాంటు తొడుక్కున్నాను. సామానంతా వీపున మోసుకుని పార్కింగ్ నుంచి ఒడ్డుదాకా నడిచేసరికి చెమట పట్టింది. ఆ చెమటను నూలు బట్ట పీల్చుకుంది. సూట్‌లోకి చుక్క నీరు రాకపోయినా ఇరవై నిమిషాలకే పళ్ళు టకటకలాడుతూ పైకి వచ్చాను. ఒంటిని అంటి ఉండే పొరకు మెరీనో ఉన్నిగానీ చెమటను బయటికి లాగే సింథటిక్ బట్టగానీ వాడాలి, దాని మీద మందపాటి ఫ్లీస్ గానీ, థిన్సులేట్ అనే సన్నని సింథటిక్ పోగుల దూది నింపిన సూట్ గానీ వేసుకోవాలి. థిన్సులేట్ కాస్త తడిసినా వెచ్చదనాన్ని పూర్తిగా పోగొట్టుకోదు, అందుకే ఖరీదు ఎక్కువైనా నా ఓటు దానికే. అయితే మందం పెరిగేకొద్దీ లోపలి గాలి, గాలి పెరిగేకొద్దీ నడుముకు కట్టుకునే సీసం బరువు పెరుగుతాయి. రుషికొండలో నాలుగు కిలోలతో మునిగినవారు ఇక్కడ పది, పన్నెండు కిలోలు కట్టుకోవలసి వచ్చినా ఆశ్చర్యపోనక్కరలేదు.

ట్రైలామినేట్‌తో పాటు నియోప్రీన్‌తో చేసిన డ్రై సూట్లూ ఉన్నాయి. వాటిలో కొంత వెచ్చదనం బట్టకే ఉంటుంది, ఒంటికి అతుక్కుని సాగుతాయి, ఈదడం సుఖం, ధర కూడా సాధారణంగా తక్కువ; కానీ లోతుకు వెళ్ళేకొద్దీ వెట్ సూట్‌లాగే పల్చబడతాయి, ఆరడానికి రోజులు పడతాయి, చిల్లు పడితే ఎక్కడ పడిందో పట్టుకోవడం కష్టం. నియోప్రీన్‌ను ముందే గట్టిగా నొక్కి పల్చన చేసిన రకం ఈ పల్చబడే ఇబ్బందిని చాలామటుకు తీరుస్తుంది, కాకపోతే బరువు. ఏడాదికి అయిదారుసార్లు, అదీ 15 మీటర్లు దాటకుండా దిగేవారికి మామూలు నియోప్రీన్ చాలు. వారం వారం దిగేవారు, లోపలి పొరను రుతువును బట్టి మార్చుకోవాలనుకునేవారు ట్రైలామినేట్ తీసుకోవాలి.

కొలత విషయంలో అద్దం ముందు నిలబడి చూసుకోవడం ఎందుకూ పనికిరాదు. అండర్‌సూట్ మీద సూట్ తొడిగి, గొంతుక్కూర్చుని, మోకాళ్ళమీద వంగి, రెండు చేతులూ తలమీదుగా వెనక్కి చాచి సిలిండర్ వాల్వ్ అందే చోటును తాకి చూడాలి. ఆ చేయి అందకపోతే ఆ సూట్ మీది కాదు. మరీ వదులైతే అదనపు గాలి పాదాల్లోకి పరుగెత్తి మనిషిని తలకిందులు చేస్తుంది, అలా తలకిందులైనవాడు జబ్బమీది వాల్వ్‌తో గాలి వదలలేక అదుపు తప్పి పైకి తేలిపోతాడు. మన శరీరాలకు ఇక్కడి రెడీమేడ్ కొలతలు సరిపోకపోవడం, నడుము సరిపోతే కాళ్ళ దగ్గర జానెడు మడత పడడం నేను చాలాసార్లు చూశాను. కొలతలిచ్చి కుట్టించుకునే సూట్ 3,000 డాలర్లు దాటడం మామూలే అయినా, అలాంటివారికి అదే చివరికి చవక. బూట్లు అతికి ఉన్న సూట్ అయితే, ఇప్పుడున్న ఫిన్లలో, అంటే ఈదడానికి పాదాలకు తొడిగే తెడ్లలో, ఆ బూటు పడుతుందో లేదో దుకాణంలోనే చూసుకోండి.

ఇక సీళ్ళు. సూట్ ఎంత ఖరీదైనదైనా నీటిని ఆపేది మెడ దగ్గర, మణికట్ల దగ్గర ఉన్న సీళ్ళే, చాలా సూట్లలో అవి బెలూను రబ్బరంత పల్చని లేటెక్స్ పట్టీలు. మెడ సీల్ మరీ బిగుతుగా ఉంటే మెడలోని రక్తనాళాలు నొక్కుకుపోయి కళ్ళు తిరుగుతాయి, వదులైతే చన్నీళ్ళు వీపున జారతాయి. కొత్త సీల్‌ను ఒక గిన్నెకు తొడిగి రాత్రంతా ఉంచితే కొంత సాగుతుంది. అప్పటికీ బిగుతైతే దానిమీదున్న గీతల వెంబడి పదునైన కత్తెరతో ఒక్కొక్క గీత చొప్పున కత్తిరించాలి, ఎందుకంటే ఒక గీత ఎక్కువ కత్తిరిస్తే మళ్ళీ అతికించలేం. నియోప్రీన్ సీళ్ళు మన్నికగా ఉంటాయిగాని కాలక్రమంలో సాగిపోతాయి. సిలికాన్ సీళ్ళు మెత్తగా ఉంటాయి. వాటికి మామూలు జిగురు అంటదు కనుక ఒక రింగులో బిగిస్తారు, చిరిగితే ఒడ్డునే పది నిమిషాల్లో మార్చుకోవచ్చు. ఒకరోజు పొద్దున్నే సియాటిల్‌లో ఆల్కీ తీరంలోని కోవ్ 2 అనే డైవింగ్ చోటు దగ్గర తల దూరుస్తుండగా లేటెక్స్ మెడ సీల్ పర్రున చిరిగి, నలుగురు మిత్రులూ నీళ్ళలోకి దిగుతుంటే కారులో కూర్చుని కాఫీ తాగినవాడిగా చెబుతున్నాను, నేనిప్పుడు సిలికాన్ తప్ప వేరేది వాడను.

మనవాళ్ళకే ప్రత్యేకమైన రెండు చిక్కులున్నాయి. సూట్ అమ్మేవారెవరూ ఇవి చెప్పరు. మొదటిది తలనూనె. లేటెక్స్‌కు నూనె శత్రువు. శనివారం పొద్దున తలకు కొబ్బరినూనె రాసుకుని ఆ తలనే సీల్‌లో దూరిస్తే కొన్ని నెలలకే రబ్బరు జిగటగా మారి చిరుగుతుంది. రెండోది చేతికి కట్టుకునే ఎర్రదారం. సీల్ కింద దారం ఉంటే దాని పోగుల వెంట నీరు దీపంలో వత్తికి నూనె ఎక్కినట్టు లోపలికి ఎక్కుతుంది. ఒక మిత్రుడు మణికట్టు సీల్ కారుతోందని రెండుసార్లు మార్పించుకున్నాడు. చివరికి తేలిందేమిటంటే తిరుమలలో కట్టించుకున్న దారం సీల్ అంచు దాటి బయటికి వచ్చి ఉంది. దారం విప్పమని నేను చెప్పలేదు. పైకి, మోచేతి దగ్గరికి జరిపి కట్టుకున్నాడు, కారడం ఆగిపోయింది.

జిప్ గురించి ఎక్కువ చెప్పను. భుజాల వెనక జిప్ ఉంటే ఇంకొకరు వేయాలి, ఛాతీమీద ఏటవాలుగా ఉంటే మనమే వేసుకోవచ్చు, ఒంటరిగా సామాను సర్దుకునేవారికి రెండోది మేలు. ఇత్తడి పళ్ళ జిప్‌ను మడతపెడితే చెడుతుంది, మార్పించడానికి వందల డాలర్లవుతాయి.

వాల్వ్ సంగతి మాత్రం నిదానంగా వినండి. 2020 నవంబరులో మోంటానా రాష్ట్రంలోని మెక్‌డొనాల్డ్ సరస్సులో పద్ధెనిమిదేళ్ళ అమ్మాయి డైవింగ్ శిక్షణలో మరణించింది. ఆమె వేసుకున్నది ఎవరో వాడి అమ్మిన డ్రై సూట్. దాని వాల్వ్‌కు తగిలే గొట్టం ఒక రకం, ఆమెకు దొరికిన గొట్టం వేరొక రకం. అందువల్ల సూట్‌లోకి గాలి వదిలే మార్గమే లేకుండా, ఒంటినిండా బరువుతో ఆమె దిగింది. లోతుకు పోయేకొద్దీ సూట్ ఒంటిని బిగించేసింది, కిందికి లాగేసింది. పాత సూట్ కొనడంలో తప్పేమీ లేదు, నా మొదటి సూట్ కూడా పాతదే. అయితే చూడ్డానికి వెళ్ళేటప్పుడు సిలిండర్ గాలిని నోటికి అందించే మీ రెగ్యులేటర్‌ను, గాలి గొట్టాన్ని వెంట తీసుకెళ్ళి, అక్కడే తగిలించి, మీట నొక్కి సూట్ ఉబ్బుతోందో లేదో చూడండి. ఆ తర్వాత మణికట్లలో ప్లాస్టిక్ సీసాలు, మెడలో ఒక బంతి దూర్చి, సూట్‌ను ఉబ్బించి, కుట్ల వెంట సబ్బునీళ్ళు రాసి బుడగలొస్తాయేమో చూడండి. అమ్మేవాడు ఇందుకు ఒప్పుకోకపోతే అక్కడినుంచి వచ్చేయండి. కొన్నాక కూడా, డ్రై సూట్‌కు ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చేవారి దగ్గర, నిలబడితే తల బయట ఉండే లోతులో మొదటి పాఠం నేర్చుకున్నాకే సముద్రంలోకి దిగండి.

ఈ బల్లమీద మూడు రకాల సూట్లు, నాలుగు అండర్‌సూట్లు, ఆ మూల డబ్బాలో సీళ్ళు ఉంచాను. వరసగా వచ్చి తొడిగి చూడండి, ప్రశ్నలుంటే అక్కడే అడగండి. తలకు నూనె రాసుకుని వచ్చినవారు దయచేసి సిలికాన్ సీల్‌తోనే సరిపెట్టుకోండి.